టెంకాయ సూర్యుడు, ఆవగింజ భూమి: అంతరిక్షం ఎంత దూరమో మీ వీధిలో కొలిచి చూడడం ఎలా

బడి గోడ మీద సౌరకుటుంబం పటం అందరం చూసిందే. ఒక పక్క పచ్చగా సూర్యుడి అంచు, అక్కడి నుంచి బుధుడు, శుక్రుడు, భూమి, పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు భుజాలు రాసుకుంటూ వరసగా. ఆ పటం నా బుర్రలో పెట్టిన అబద్ధం నలభై ఏళ్లు అట్లాగే ఉండిపోయింది. గీసినవాడి తప్పేమీ లేదు. భూమిని ఒక్క సెంటీమీటరు వెడల్పున గీస్తే, అదే కొలతలో నెప్ట్యూన్‌ని మూడున్నర కిలోమీటర్ల అవతల గీయాలి. అంత గోడ ఏ బడికి ఉంటుంది?

పోయిన వేసవి సెలవులకి మా అక్క కొడుకు తిరుపతికి వచ్చాడు. ఏడో తరగతి. "మామా, ఆదిత్య సూర్యుడి దగ్గరికి పోయింది గదా, మరి కాలిపోలేదా?" అన్నాడు, ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక గురించి. దీనికి నోటితో జవాబు చెప్పి లాభం లేదనిపించింది. మర్నాడు పొద్దున్నే వాడితో కలిసి వీధిలో చేసిందే ఇక్కడ రాస్తున్నాను. ఖర్చు ఒక టెంకాయ. మిగతావన్నీ పోపులపెట్టెలో ఉంటాయి.

ముందు కోటిని కాలంతో కొలవండి

లక్ష, కోటి, లక్ష కోట్లు. నోటికి మూడూ ఒకే బరువు. కాబట్టి వీధిలోకి వెళ్లే ముందు ఐదు నిమిషాలు ఈ లెక్క వెయ్యండి. పరకామణిలో కూర్చుని సెకనుకో రూపాయి బిళ్ల చొప్పున, తిండీ నిద్రా లేకుండా లెక్కపెడుతున్నారనుకోండి. లక్ష రూపాయలు రేపు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. కోటికి 116 రోజులు పడుతుంది: సంక్రాంతికి మొదలుపెడితే మే నెల ఎండల్లో లేస్తారు. వంద కోట్లకి దాదాపు 32 ఏళ్లు. లక్ష కోట్లకి 31,700 ఏళ్లు.

సూర్యుడు మనకి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. మొదటిది లెక్కపెట్టడానికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. రెండోదానికి పన్నెండున్నర లక్షల ఏళ్ల పైనే. రెండింటినీ మనం "చాలా దూరం" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

కొలత ఒకటి ఖాయం చేసుకోండి

వెయ్యి కోట్ల వంతున కుదిస్తాం. అంటే ఒక సెంటీమీటరు లక్ష కిలోమీటర్లు, ఒక మీటరు కోటి కిలోమీటర్లు. ఈ కొలత ఎందుకంటే లెక్కలు నోటితో వేసుకోవచ్చు, పైగా నెప్ట్యూన్ దాకా మొత్తం ఒకే వీధిలో పడుతుంది. ఇంకా పెద్దగా చేద్దామని మొదట అలిపిరి మెట్ల దారి అనుకున్నాను. గోవింద నామాలతో ఎక్కేవాళ్ల కాళ్ల కింద గ్రహాలు పరవడం మర్యాద కాదని మానుకున్నాను.

సామాను

సూర్యుడికి టెంకాయ. వెడల్పు 14 సెంటీమీటర్లు ఉండాలి. దారం చుట్టి చూస్తే చుట్టుకొలత 44 సెంటీమీటర్లు రావాలి. పూర్తిగా ఒలిచిన కాయ చిన్నదవుతుంది, కాస్త పీచు ఉంచమని అంగడాయనకి చెప్పండి. (కల్యాణం లడ్డూ ఇంకొంచెం పెద్దదైతే సరిగ్గా సరిపోయేదేమో గానీ, ప్రసాదాన్ని తీసుకెళ్లి రోడ్డు మీద పెడితే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు.)

భూమికి చిన్న ఆవగింజ, మిల్లీమీటరు పైన పావు ఉండేది ఏరుకోండి. శుక్రుడికి దాని జత. అంగారకుడికి గసగసాల గింజ. బుధుడు అర మిల్లీమీటరు, ఉప్మా రవ్వలో ఒక పలుకు. గురుడికి గోలీ, 14 మిల్లీమీటర్లది. శనికి నానబెట్టిన కాబూలీ శనగ, దాని చుట్టూ పది రూపాయల బిళ్లంత కాగితపు చక్రం. శని వలయాల వెడల్పు ఈ కొలతలో సరిగ్గా ఆ బిళ్లంతే. యురేనస్, నెప్ట్యూన్ రెండు మిరియాలు.

గింజలను అట్టముక్కల మీద ఫెవికాల్‌తో అతికించి, పేరు పెద్ద అక్షరాలతో రాయండి. మేము మొదటిసారి అతికించకుండా వెళ్లాం. నీళ్ల ట్యాంకరు ఒకటి పక్క నుంచి పోయింది, ఆ గాలికి భూమి ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

వీధిలోకి వెళ్లే ముందు, వంటింట్లో

భూమి అట్టని బల్ల మీద పెట్టండి. దాని నుంచి 3.8 సెంటీమీటర్ల దూరంలో పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి. అది చంద్రుడు. రెండు వేళ్ల వెడల్పు దాటి కాస్త. మనుషులు ఇంతవరకూ వెళ్లి వచ్చింది ఆ రెండు వేళ్ల దూరమే.

ఇప్పుడు టెంకాయని పక్కన పెట్టి చూడండి. ఆవగింజని టెంకాయ నడిమధ్యన ఉంచామనుకుంటే, చంద్రుడు తిరిగే దారి మొత్తం కాయ లోపలే ఇమిడిపోతుంది. పెంకు దాకా ఇంకా మూడు సెంటీమీటర్ల చోటు మిగులుతుంది. సూర్యుడు భూమికి 109 రెట్ల వెడల్పు అని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు. ఇది ఎక్కింది.

మనం "అంతరిక్షంలోకి" పంపేవాటి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. నేల నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున అంతరిక్షం మొదలవుతుందని సాధారణంగా ఒప్పుకుంటారు. తిరుపతి నుంచి శ్రీహరికోట కాకి దారిలో 90 కిలోమీటర్లు. మబ్బు లేని రోజు మిద్దె ఎక్కితే మనకి రాకెట్ పొగ గీత కనిపిస్తుందే, దాదాపు అంతే దూరం నిలువుగా పోతే చాలు. వ్యోమగాములు నెలల తరబడి ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తు, అంటే మనకి హైదరాబాదు కన్నా దగ్గర. ఆవగింజ మీద చూస్తే అది తలవెంట్రుక మందంలో సగం ఎత్తున తిరుగుతోంది. టీవీ ఉపగ్రహాలు మూడున్నర మిల్లీమీటర్ల దూరాన.

వీధిలో

దాదాపు అర కిలోమీటరు సాగే దారి కావాలి. వంకరగా ఉన్నా నష్టం లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వద్దు, జనం తొక్కేస్తారు. పొద్దున వాకింగుకి పోయే యూనివర్సిటీ రోడ్లు బాగుంటాయి. చిత్తూరు వైపు వాళ్లకి ఊరు దాటగానే మామిడి తోటల మధ్య రోడ్లే రోడ్లు.

ఒక హెచ్చరిక. నడివీధిలో టెంకాయ, దానికి కొంత దూరంలో ఆవాలు, ఇంకాస్త దూరంలో మిరియాలు. మన ఊళ్లలో దీన్ని చూసి ఖగోళశాస్త్రం అని ఎవరూ అనుకోరు. "ఏంది నాయనా, పొద్దున్నే ఎవరికి దిష్టి తీసినారు?" అని ఎదురింటి అవ్వ గేటు దగ్గరే ఆగిపోయింది. అట్ట మీద "సూర్యుడు" అని రాసి చూపించినా నమ్మకం కుదరక, టెంకాయకి ఆ పక్క నుంచి చుట్టు తిరిగి పోయింది. కాబట్టి అమావాస్య రోజున, ఆదివారం రోజున పెట్టకండి. పసుపు, కుంకుమ దగ్గరికి రానివ్వకండి.

టేపు అక్కర్లేదు. పెద్దవాళ్లు కాస్త చాచి వేసే అంగ ముప్పావు మీటరు. ముందు ఇంటి దగ్గర పది అంగలు వేసి ఏడున్నర మీటర్లు వస్తుందో లేదో సరిచూసుకోండి. పిల్లల అంగలతో కొలిస్తే నెప్ట్యూన్ రెండు వీధుల ముందే వచ్చేస్తాడు.

టెంకాయ దగ్గర మొదలుపెట్టి నడవండి. 8 అంగలకి బుధుడు. 14కి శుక్రుడు. 20 అంగలకి భూమి, అంటే 15 మీటర్లు. ఇక్కడ ఆగండి.

వెనక్కి తిరిగి టెంకాయని చూడండి. ఆకాశంలో సూర్యుడు ఎంత కనిపిస్తాడో, టెంకాయ ఇక్కడి నుంచి సరిగ్గా అంతే కనిపిస్తుంది. సూర్యుడిని నేరుగా చూసి పోల్చుకోవద్దు, కళ్లు పోతాయి. రాత్రి పున్నమి చంద్రుడితో పోల్చుకోండి, ఇద్దరూ మనకి ఒకే సైజు. చెయ్యి చాచి బఠాణీ గింజ పట్టుకుంటే చంద్రుడు దాని వెనక దాక్కుంటాడు, ఇక్కడ టెంకాయ కూడా దాక్కుంటుంది. సూర్యుడి దూరం సూర్యుడి వెడల్పుకి 107 రెట్లు, చంద్రుడి దూరం చంద్రుడి వెడల్పుకి 110 రెట్లు. 108కి దగ్గరగా ఉందే అని దీన్ని జపమాలతో ముడిపెట్టే మెసేజీలు ఫోన్లోకి వస్తుంటాయి. నేను అంత దూరం పోను. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు సూర్యుడిని అచ్చంగా మూతపెట్టినట్టు కప్పేది మాత్రం ఈ రెండు అంకెలు దగ్గర దగ్గరగా ఉండబట్టే.

మావాడి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. జామెట్రీ బాక్సులోని 15 సెంటీమీటర్ల స్కేలు తీసి, ఆవగింజ దగ్గర ఒక కొస పెట్టి, రెండో కొస టెంకాయ వైపు ఉంచమన్నాను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 వెళ్లి నిలబడింది ఆ స్కేలు చివరన. 15 లక్షల కిలోమీటర్లు. టెంకాయ ఇంకా పద్నాలుగు మీటర్ల ఎనభై ఐదు సెంటీమీటర్ల అవతల ఉంది. వాడు స్కేలునీ టెంకాయనీ మార్చి మార్చి చూసి, "ఇంతేనా మామా?" అన్నాడు, మోసపోయినట్టు. అది దగ్గరికి పోవడానికి వెళ్లలేదురా, ఏదీ అడ్డం రాని చోట నిలబడి రాత్రీ పగలూ లేకుండా సూర్యుడిని చూడ్డానికి వెళ్లింది అని చెప్పాను. నిజంగా దగ్గరికి పోయింది నాసా వాళ్ల పార్కర్ వ్యోమనౌక. 2024 డిసెంబరు 24న టెంకాయ పెంకుకి రెండు అడుగుల దూరం దాకా వెళ్లి బయటపడింది.

నడక సాగించండి. 30 అంగలకి అంగారకుడు. ఇక్కడి దాకా పిల్లలకి హుషారుగా ఉంటుంది, నాలుగు గ్రహాలూ ఒక ఇంటి ముందే అయిపోయాయి. తర్వాతే అసలు సంగతి మొదలవుతుంది. గురుడు 104 అంగల దగ్గర. మధ్యలో గ్రహశకలాల పట్టీ ఉంది, సినిమాల్లో రాళ్ల మధ్య నుంచి ఓడలు వంకర్లు తిరుగుతూ పోతాయే, అదే. నిజానికి ఆ రాళ్లన్నీ పోగేసినా చంద్రుడంత కూడా కావు. మీరు రోడ్డు మీద వట్టి దుమ్ము తప్ప ఏమీ పెట్టక్కర్లేదు.

శని 191 అంగలకి. యురేనస్ 383కి. శనికీ యురేనస్‌కీ మధ్య మాటలు ఆగిపోతాయి, చూడండి. మావాడు రెండుసార్లు లెక్క తప్పాడు. 600 అంగలకి నెప్ట్యూన్, టెంకాయకి 450 మీటర్లు. వెనక్కి చూస్తే టెంకాయ కనిపించదు, దాని పక్కన నిలబెట్టిన మనిషి చెయ్యి ఊపితే అదుగో అక్కడ అనుకోవాలి. ప్లూటో కావాలంటే సగటున ఇంకో 140 మీటర్లు పోవాలి. 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు కాబట్టి నేను పోలేదు, మోకాళ్లు కూడా ఒప్పుకోలేదు.

నెప్ట్యూన్ దారి గుండ్రంగా గీస్తే లోపల పడే నేల 157 ఎకరాలు. 157 ఎకరాల్లో ఒక టెంకాయ, ఒక గోలీ, ఒక శనగ, రెండు మిరియాలు, చిటికెడు గింజలు. టెంకాయ మినహా అన్నీ గుప్పెట్లో పడతాయి. మిగతాది ఖాళీ.

తిరిగొచ్చేటప్పుడు చీమ వెంట నడవండి

వెలుతురు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన కొలతలో సెకనుకి మూడు సెంటీమీటర్లు. అంటే చీమ నడక. విశ్వంలో దీన్ని మించిన వేగం లేదు, అది మన వీధిలో చీమలాగా పాకుతోంది.

స్కేలు మీద వేలు పెట్టి సెకనుకి మూడు సెంటీమీటర్లు జరుపుతూ ఆవగింజ నుంచి చంద్రుడి చుక్క దాకా రండి. సెకను పైన కాస్త. చంద్రుడి మీద ఉన్నవాళ్లతో మాట్లాడితే ప్రతి మాటకీ ఆ పాటి ఆలస్యం, జవాబుకి దానికి రెట్టింపు. టెంకాయ నుంచి భూమికి చీమ రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు. మీకు ఓపిక ఉంటే నిజంగా గడియారం పెట్టుకుని వేలు జరిపి చూడండి. నెప్ట్యూన్‌కి నాలుగు గంటల పది నిమిషాలు.

1977 సెప్టెంబరు 5న బయల్దేరిన వాయేజర్-1, మనిషి చేసిన వస్తువుల్లో అందరికన్నా దూరం వెళ్లింది. మన టెంకాయ నుంచి రెండున్నర కిలోమీటర్లు. సెకనుకి 17 కిలోమీటర్ల వేగం దానిది. మన కొలతలో రోజుకి 15 సెంటీమీటర్లు, మళ్లీ ఆ స్కేలంతే.

తర్వాతి టెంకాయ ఎక్కడ?

ఇక్కడ పిల్లలని ఊహించమనండి. మావాడు "రేణిగుంట?" అన్నాడు. కాసేపాగి "పోనీ మద్రాసు" అన్నాడు.

సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. చిన్నది, మన కొలతలో రెండు సెంటీమీటర్ల రేగుపండు. అది పెట్టాల్సిన చోటు 4,000 కిలోమీటర్ల అవతల. మన సీమ నుంచి ఎంతోమంది బతుకుదెరువుకి పోయే కువైట్ కాకి దారిలో 3,700 కిలోమీటర్లు. కువైట్ దాటి ఇరాక్‌లోకి ఇంకో మూడొందల కిలోమీటర్లు పోయి, అక్కడ ఆ రేగుపండు పెట్టాలి. మీ వీధి టెంకాయకీ ఆ పండుకీ మధ్య ఇంకో నక్షత్రం లేదు.

చీమ అక్కడికి చేరడానికి 4.24 ఏళ్లు. కాంతి సంవత్సరం అంటే ఇదే: చీమ ఏడాది పాటు ఆగకుండా నడిచే దూరం, మన కొలతలో 946 కిలోమీటర్లు, తిరుపతి నుంచి ముంబైకి ఉన్నంత. అది దూరం, కాలం కాదు. "కాంతి సంవత్సరాల క్రితం" అని రాసే వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాయేజర్ అటు వైపు పోవడం లేదు గానీ, పోయినా ఈ రేగుపండు దూరం దాటడానికి 75 వేల ఏళ్లు పడుతుంది.

ఎవరు టేపు పట్టుకుని కొలిచారు?

పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. మిద్దె ఎక్కి, చెయ్యి చాచి బొటనవేలు ఎత్తి, కొండ అంచున ఒక టవరుకి ఎదురుగా పెట్టండి. ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూయండి. వేలు గెంతుతుంది. వేలిని ముక్కు దగ్గరికి తెస్తే ఎక్కువ గెంతుతుంది, దూరం జరిపితే తక్కువ. రెండు కళ్ల మధ్య ఎడం, గెంతిన కోణం తెలిస్తే వేలు ఎంత దూరమో లెక్క కట్టవచ్చు.

నక్షత్రాలకి రెండు కళ్లు చాలవు కాబట్టి జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి చూస్తారు. ఆరు నెలల్లో భూమి టెంకాయకి ఆ పక్క నుంచి ఈ పక్కకి వస్తుంది, మన కొలతలో 30 మీటర్ల ఎడం. వీధిలో 30 మీటర్లు జరిగి, ఇరాక్‌లో ఉన్న రేగుపండు ఎంత పక్కకి కదిలిందో పట్టుకోవాలి. ఆ పని నక్షత్రం విషయంలో మొదటిసారి నమ్మదగ్గట్టుగా చేసి ప్రకటించింది 1838లో బెసెల్ అనే జర్మన్ ఖగోళశాస్త్రవేత్త, హంస మండలంలోని 61 సిగ్ని అనే నక్షత్రానికి.

సూర్యుడి దూరానికి శుక్రుడు సాయపడ్డాడు. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూసి లెక్కకట్టారు. అందుకోసమే ఫ్రాన్సు నుంచి లె జాంతీ అనే ఆయన మనకి దగ్గర్లోని పుదుచ్చేరికి బయల్దేరాడు. 1761లో ఆయన చేరేలోపు ఊరు ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయింది, నడిసముద్రంలో ఊగే ఓడ మీద నుంచి కొలతలు కుదరలేదు. ఎనిమిదేళ్లు ఇటే ఉండిపోయాడు. 1769లో పుదుచ్చేరిలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే ఆ పొద్దున మబ్బు పట్టింది. ఇంటికి వెళ్లేసరికి చనిపోయాడనుకుని ఆస్తి పంచుకుంటున్నారు. ఇంకెక్కడెక్కడో చూసినవాళ్ల లెక్కలతో పని పూర్తయింది.

ఇంకా దూరం పోవాలంటే టెంకాయని వదిలెయ్యాలి

పాలపుంత వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు. టెంకాయ కొలతలోనే పెడితే అది తొమ్మిదిన్నర కోట్ల కిలోమీటర్లు, నిజం సూర్యుడి దారిలో సగం దాటుతుంది. నమూనాకి మళ్లీ నమూనా కావాలి. ఇప్పుడు ఒక కాంతి సంవత్సరాన్ని ఒక మిల్లీమీటరు చెయ్యండి. మీరు నడిచిన 600 అంగలూ కంటికి ఆనని నలుసైపోతాయి. కువైట్ అవతలి రేగుపండు నాలుగు మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. పాలపుంత వంద మీటర్ల ఆటస్థలం, అందులో మనం నడిమధ్య నుంచి 26 మీటర్ల దూరాన. మిద్దె మీద పడుకుని చూసే చుక్కల్లో చాలావరకు మీ చుట్టూ ఒక మీటరు లోపువే.

పక్క ఆటస్థలం ఆండ్రోమెడా గెలాక్సీ, రెండున్నర కిలోమీటర్లు. నవంబరు రాత్రుల్లో చంద్రగిరి దాటి దీపాలు లేని చోటికి పోతే మామూలు కంటికే మసక మరకలా కనిపిస్తుంది. ఆ వెలుతురు బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది. ఇప్పటివరకూ మనకి వెలుతురు అందిన విశ్వం అంచు, మిల్లీమీటరు లెక్కలోనే, 46,500 కిలోమీటర్లు. భూమి నడుముకి తాడు చుడితే 40,000 సరిపోతుంది.

సర్దడం

వచ్చేటప్పుడు అట్టలు ఏరుకుంటూ రండి, దూరం నుంచి దగ్గరికి. లేకపోతే వెనక్కి మళ్లీ 600 అంగలు. మా టెంకాయ ఆ రోజే పచ్చడైంది. యురేనస్, నెప్ట్యూన్లకి ఫెవికాల్ అంటిందని మా అమ్మ పొంగలిలో వెయ్యనివ్వలేదు. గోలీ వాడు ఊరికి పట్టుకుపోయాడు. కిటికీలో పెట్టి మర్చిపోయిన అట్ట మీద, మూడో రోజుకి, శనికి మొలక వచ్చింది.